ఆర్టీకే జీపీఎస్ సెట్టు: ఆకాశం బాగాలేని రోజులతో కలిపి రెండేళ్ల వాడకం

2024 జనవరిలో హనుమకొండలోని ఒక సర్వే పరికరాల దుకాణంలో ఉపగ్రహాల సంకేతాలతో భూమిని సెంటీమీటర్ల లెక్కన కొలిచే ఆర్టీకే జీపీఎస్ సెట్టు ఒకటి కొన్నాను. ఒకచోట కదలకుండా నిలబెట్టే బేస్, చేత పట్టుకొని తిరిగే రోవర్, తెర ఉన్న కంట్రోలరు, రేడియో, రెండు పోళ్లు, ట్రైపాడ్ అన్నీ కలిపి ఐదు లక్షల ఎనభై వేల రూపాయలయింది. కంపెనీ పేరు, దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క కంపెనీదే కాదు, ఈ ధరలో దొరికే చాలా సెట్లలో ఏదో ఒక రూపంలో ఉన్నదే. పందొమ్మిదేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. గొలుసుతో మొదలుపెట్టి, కాంతికిరణంతో దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్ మీద చాలాకాలం గడిపి, చివరికి దీనికి వచ్చాను. ఇప్పటివరకు వరంగల్, పరకాల, నర్సంపేట, జనగామ వైపు చేసిన పనిలో దాదాపు అంతా ఈ సెట్టుతోనే చేశాను.

మామూలు రోజున ఇది చేసే పనికి పేరు పెట్టడానికి లేదు. కొన్న కొత్తలో ఉదయం బేస్ నిలబెట్టి రోవర్ ఆన్ చేస్తే ఎనిమిది, పది సెకన్లలో తెర మీద పచ్చరంగులో ఫిక్స్ అని, అంటే స్థానం కచ్చితంగా తేలిందని వచ్చేది. ఆరెకరాల చెలక చుట్టూ గెట్టు వెంట నడిచి కొలిచే పని, టోటల్ స్టేషన్‌తో ఇద్దరు మనుషులకు రోజంతా పట్టేది, దీనితో ఒక్కడినే పదకొండు గంటల ఎండ ముదరకముందే ముగించుకొని వస్తున్నాను. పాత హద్దురాళ్ల మీద తిరిగి పోలు పెట్టి సరిచూసినప్పుడు రెండు సెంటీమీటర్ల లోపే తేడా కనిపించింది. బ్యాటరీ తొమ్మిది గంటలు నిలుస్తుంది. వానలో తడిసినా ఏమీ కాలేదు. ఒకసారి ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి రోవర్ కింద పడింది, పైడొప్ప మీద గీత తప్ప ఏ నష్టమూ జరగలేదు. వీటి గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

అసలు చెప్పవలసింది దుకాణం వారు నాకు ఇచ్చిన హామీ గురించి. ఏ వేళైనా, ఏ రోజైనా సెంటీమీటరు లోపల వస్తుందని వారు అన్నారు, వారిచ్చిన కరపత్రంలోనూ అదే అచ్చువేసి ఉంది. ఆ మాట నిజం కాదని నాకు అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది, ఎందుకు నిజం కాదో అర్థం కావడానికి మరో ఏడాది పట్టింది.

2024 మే 11 శనివారం. పరకాల దారిలో ఒక ఊరిలో అన్నదమ్ముల పంపకం కోసం ఆరెకరాల పద్నాలుగు గుంటల భూమి కొలవాలి. ఎండలకు భయపడి పొద్దున ఆరున్నరకే చేరుకున్నాను. ఆ రోజుల్లో నా బేస్ ఎప్పుడూ హనుమకొండలో ఆఫీసు మిద్దె మీదే ఉండేది, దాని సవరణలు ఇంటర్నెట్ ద్వారా రోవర్‌కు అందేవి, మధ్య దూరం సుమారు 27 కిలోమీటర్లు. అంతకుముందు వారం అదే దారిలో అంతకన్నా దూరాన పనిచేసినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ రోజు మాత్రం తెర మీద నారింజరంగులో ఫ్లోట్, అంటే స్థానం ఇంకా తేలలేదనే మాట కదలకుండా కూర్చుంది. కింద చూపించే కచ్చితత్వం ఒకసారి 40 సెంటీమీటర్లు, మరోసారి 70 సెంటీమీటర్లు. ఉపగ్రహాలు చూస్తే ముప్పై ఒకటి ఉన్నాయి, నెట్టు బాగుంది, నెత్తి మీద ఒక్క చెట్టు కొమ్మ లేదు. ఇరవై అయిదు నిమిషాల తరువాత ఫిక్స్ వచ్చింది, రెండు రాళ్లు కొలిచేలోపే మళ్లీ పోయింది. పెద్దాయన తుమ్మచెట్టు నీడలో కూర్చుని, "సారూ, మిషన్ ఖరాబైందా ఏంది, గొలుసు తెప్పియ్యాల్నా?" అని అడిగాడు. నాకు సిగ్గనిపించింది.

సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే చెట్ల కింద ఉన్నారా అని అడిగారు, లేనన్నాను. సిమ్ మార్చమన్నారు, మార్చాను. ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు, అదీ చేశాను, దానితో నా పాత పనుల ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రోజు ఆకాశంలో ఏదో జరుగుతోందని వారిలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. సాయంత్రం ఇంటికి వచ్చాక టీవీలో లడఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశీలనశాల మీద ఆకాశం ఎర్రబడిన దృశ్యం చూపించారు. ధ్రువాల దగ్గర కనిపించవలసిన వెలుగు మన దేశపు అంచున కనిపించిందంటే ముందురోజు అక్షయ తృతీయ రాత్రి సూర్యుని నుంచి వచ్చి భూమిని తాకినది మామూలు అయస్కాంత తుఫాను కాదన్నమాట. అమెరికా వారి కొలమానంలో భూ అయస్కాంత తుఫానులకు జీ1 నుంచి జీ5 వరకు అయిదు మెట్లున్నాయి. ఇది అయిదో మెట్టు, 2003 అక్టోబరు తరువాత అంతటిది రావడం ఇదే మొదలు. అమెరికాలో మొక్కజొన్న విత్తే రోజుల్లో ఆర్టీకేతో నడిచే ట్రాక్టర్లు సాలు తప్పి, రైతులు పని ఆపుకోవలసి వచ్చిందని తరువాత పత్రికల్లో చదివాను. ఆ ఊరి చెలకలో నా రోవరూ, అక్కడి ట్రాక్టరూ ఒకే కారణంతో గాడి తప్పాయి.

ఆ కారణం కొంచెం వివరంగా చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు. భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా ఉన్న గాలి పొరల్లో సూర్యుని అతినీలలోహిత, ఎక్స్ కిరణాల తాకిడికి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి తిరుగుతుంటాయి. దానినే అయనావరణం అంటారు. ఎలక్ట్రాన్లు అన్నిటికన్నా చిక్కగా ఉండేది 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో, ఎఫ్ పొరలో. ఉపగ్రహం నుంచి బయలుదేరిన జీపీఎస్ సంకేతం ఈ ఎలక్ట్రాన్ల గుండా రావలసిందే, అలా వచ్చేటప్పుడు కొంత ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమన్నది దారిలో తగిలిన మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. చదరపు మీటరుకు వంద కోట్ల కోట్లు, అంటే ఒకటి పక్కన పదహారు సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లను ఒక టెక్ యూనిట్ అంటారు. ఉపగ్రహం పంపే రేడియో సంకేతాల్లో ఒకటైన ఎల్1 పౌనఃపున్యం మీద ఒక్కో యూనిట్ 16 సెంటీమీటర్ల తప్పు తెస్తుంది. సూర్యుడు జోరుగా ఉన్న ఏడాదిలో మన దేశం మీద మధ్యాహ్నం వేళ అది 80, 100 యూనిట్లు కూడా దాటుతుంది. అంటే నెత్తి మీద ఉన్న ఉపగ్రహం కూడా పదహారు మీటర్లు ఎక్కువ దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

అదృష్టవశాత్తు ఈ ఆలస్యం పౌనఃపున్యపు వర్గానికి విలోమంగా ఉంటుంది. 1575.42 మెగాహెర్ట్జ్ ఎల్1 కన్నా 1227.60 మెగాహెర్ట్జ్ ఎల్2, 1176.45 మెగాహెర్ట్జ్ ఎల్5 ఎక్కువ ఆలస్యమవుతాయి. రెంటి తేడా చూసి ఎలక్ట్రాన్లు ఎన్నున్నాయో లెక్కకట్టి తీసివేయవచ్చు. సెల్‌ఫోనులో చాలావరకు ఎల్1 ఒక్కటే ఉండడం వల్ల అది ఉపగ్రహం పంపే ఎనిమిది గుణకాల నమూనా మీద ఆధారపడుతుంది, ఆ నమూనా తప్పులో సుమారు సగమే తీసివేయగలదు. నా సెట్టు మూడు పౌనఃపున్యాలనూ అందుకుంటుంది. దుకాణంలో కూర్చున్నప్పుడు ఇది విని, ఇక అయనావరణంతో నాకేం పని అనుకున్నాను. నా పొరపాటు అక్కడే ఉంది.

ఆర్టీకే పని జరిగే తీరు వేరు. ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహానికీ రోవర్‌కూ నడుమ అలాంటి తరంగాలు ఎన్ని పూర్తిగా పట్టాయో ఒక పూర్ణసంఖ్యగా తేల్చగలిగితేనే ఫిక్స్ వస్తుంది, తేల్చలేకపోతే ఫ్లోట్. ఆ సంఖ్యను తేల్చడానికి బేస్‌కూ రోవర్‌కూ ఒకే ఆకాశం ఉన్నదన్న నమ్మకం మీద రెండు చోట్ల లెక్కలూ ఒకదానిలో నుంచి ఒకటి తీసివేస్తారు. ప్రశాంతమైన రోజున అయనావరణం నీరు నిండిన చెరువులా సమంగా ఉంటుంది, కిలోమీటరు దూరానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా తప్ప రాదు. 27 కిలోమీటర్లకు మూడు నాలుగు సెంటీమీటర్లు, సెట్టు తట్టుకుంటుంది. తుఫాను రోజున ఆ చెరువు మత్తడి దుంకుతుంది. కిలోమీటరుకు కొన్ని పదుల మిల్లీమీటర్ల తేడా వచ్చినప్పుడు 27 కిలోమీటర్ల దూరంలో అది ఒక తరంగం పొడవును దాటి మీటరు దగ్గరికి పోతుంది. ఇక పూర్ణసంఖ్య ఎలా తేలుతుంది? ఆ రోజు తెర మీద కనిపించిన నారింజరంగు పరికరం చెడిపోయిన గుర్తు కాదు, నిజానికి అది సరిగ్గా పనిచేస్తున్న గుర్తు. నాకు తెలియనిది నాకు తెలియదని చెప్పడం ఏ పరికరానికైనా ఉండవలసిన మొదటి గుణం.

తుఫాను ఆ చెరువును ఎలా కదిలిస్తుందన్నది కూడా మన ప్రాంతానికి వర్తించేంత వరకు చెప్పాలి. సూర్యుని నుంచి కోట్ల టన్నుల ప్లాస్మా తన అయస్కాంత క్షేత్రంతో సహా విడివడి ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని చేరుతుంది. ఆ క్షేత్రం దక్షిణ దిశకు తిరిగి ఉంటే భూమి అయస్కాంత క్షేత్రంతో కలిసిపోయి శక్తి లోపలికి చొరబడుతుంది. భూమి చుట్టూ ఒక విద్యుత్ ప్రవాహ వలయం బలపడి నేల మీది అయస్కాంత క్షేత్రాన్ని తగ్గిస్తుంది. మే తుఫానులో ఆ తగ్గుదల 400 నానోటెస్లాలు దాటింది. అదే సమయంలో ధ్రువాల దగ్గర పుట్టిన విద్యుత్ క్షేత్రం ఆలస్యం లేకుండా భూమధ్యరేఖ దాకా చొచ్చుకొని వస్తుంది. పగటిపూట అది తూర్పు దిశగా ఉండి, ఎలక్ట్రాన్లను పైకెత్తుతుంది. అవి అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు జారి దూరాన కుప్పపడతాయి. కొన్ని గంటల తరువాత కథ తిరగబడుతుంది. ధ్రువాల దగ్గర వేడెక్కిన గాలి భూమధ్యరేఖ వైపు వీచి వ్యతిరేక దిశలో మరో విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ వేడిగాలితో పాటు నత్రజని పాళ్లు పెరిగితే ఎలక్ట్రాన్లు త్వరగా కలిసిపోయి తగ్గిపోతాయి. అందుకే ఒకే తుఫానులో ఒకపూట ఎలక్ట్రాన్లు విపరీతంగా పెరగడం, మరుపూట సగానికి పడిపోవడం రెండూ జరుగుతాయి.

మన స్థానం ఇందులో చిత్రమైనది. అయస్కాంత భూమధ్యరేఖ భూగోళపు భూమధ్యరేఖ మీద కాకుండా మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది, 1963లో రాకెట్ కేంద్రానికి తిరువనంతపురం పక్కనున్న తుంబాను ఎంచుకోవడానికి అదే కారణం. ఎలక్ట్రాన్లు జారి కుప్పపడే గట్టు అహ్మదాబాద్, భోపాల్ మీద ఉంటుంది. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఈ రెంటికీ నడుమ, ఏటవాలులో ఉంది. మన దగ్గర ఉత్తరం వైపు ఉన్న ఉపగ్రహం, దక్షిణం వైపు ఉన్న ఉపగ్రహం రెండూ వేరువేరు మందాల గుండా చూస్తాయి. యూరప్‌లో పరీక్షించి అచ్చువేసిన సెంటీమీటరు హామీని ఇక్కడ అలాగే నమ్మడం ఎందుకు తప్పో ఇప్పుడు తెలుస్తుంది. అక్కడివారికి చాలావరకు తుఫాను వస్తేనే ఇబ్బంది, మనకు తుఫాను లేని సాయంత్రాలు కూడా ఇబ్బందే.

ఆ మాట ఊరికే అనడం లేదు, నష్టపోయి అంటున్నాను. 2025 మార్చిలో నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక లేఅవుట్‌లో రాళ్లు పాతే పని ఒప్పుకున్నాను. పగలు కూలీలు ఎండకు నిలబడలేకపోతున్నారని సాయంత్రం అయిదు నుంచి లైట్లు పెట్టుకొని రాత్రి దాకా చేశాము. నలభై రెండో రాయి దాకా ఏ ఇబ్బందీ లేదు. రాత్రి ఎనిమిది దాటాక తెర మీద ఒక వింత గమనించాను. ఉపగ్రహాల బలాన్ని చూపే నిలువు గీతల్లో ఎల్5 గీతలు, ఎల్2 గీతలు పైకీ కిందికీ ఊగసాగాయి, వాటి పక్కనే ఎల్1 గీతలు అంతగా కదలడం లేదు. ముప్పై ఉపగ్రహాలు ఇరవై ఒకటయ్యాయి. అయినా తెర మీద పచ్చరంగే ఉంది, కచ్చితత్వం 1.4 సెంటీమీటర్లనే చూపింది. పచ్చరంగును నమ్మి నలభై మూడు నుంచి యాభై ఒకటి దాకా తొమ్మిది రాళ్లు పాతించాను. పొద్దున వచ్చి టేపు వేసి చూస్తే నలభై రెండుకూ నలభై మూడుకూ మధ్య దూరం కాగితం మీది లెక్కకు కుదరలేదు. రోవర్ పెట్టి మళ్లీ కొలిస్తే తొమ్మిది రాళ్లూ ఒకే వైపు 38 సెంటీమీటర్లు జరిగి ఉన్నాయి, ఎత్తులో తేడా అంతకన్నా ఎక్కువ. మేస్త్రీ తల గోక్కుంటూ, "రాత్రి పాతిన రాయి పొద్దటికల్లా నడిచిపోయిందా సారూ?" అన్నాడు. తొమ్మిది గుంతలు మళ్లీ తవ్వించిన కూలి నేనే ఇచ్చాను.

జరిగినది ఇది. సూర్యాస్తమయం తరువాత అయస్కాంత భూమధ్యరేఖ మీద ఎఫ్ పొర ఒక్కసారి పైకి లేస్తుంది. దాని అడుగున బరువు తక్కువ ప్లాస్మా, పైన బరువైన ప్లాస్మా ఉండడం వల్ల అడుగు నుంచి బుడగలు పుట్టి పైకి పోతాయి. ఒక్కో బుడగ అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు వందల కిలోమీటర్లు సాగి, తూర్పు వైపు మెల్లగా కదులుతుంది. ఎంత ఎత్తు లేస్తే అంత దూరం ఉత్తరానికి, మన మీదికి వస్తుంది. ఆ బుడగ అంచుల గుండా వచ్చిన సంకేతం మినుకుమినుకుమంటుంది, నక్షత్రాలు మినుకుమన్నట్టే. పౌనఃపున్యం తగ్గేకొద్దీ మినుకు ఎక్కువ, అందుకే ఎల్5, ఎల్2 గీతలు ముందు ఊగాయి. రిసీవరు ఒక్క క్షణం పట్టు వదిలి మళ్లీ పట్టుకున్నప్పుడు తరంగాల లెక్కలో ఒకటో రెండో తప్పిపోతాయి, దానినే మా వాళ్లు సైకిల్ స్లిప్ అంటారు. చాలా ఉపగ్రహాల్లో ఒకేసారి స్లిప్ వస్తే సాఫ్ట్‌వేరు తప్పు పూర్ణసంఖ్యల సమూహాన్ని ఒప్పనుకొని పచ్చజెండా ఊపుతుంది. 38 సెంటీమీటర్లంటే సరిగ్గా రెండు ఎల్1 తరంగాల పొడవు. అది కాకతాళీయమే కావచ్చు, కానీ ఆ అంకె చూసినప్పటి నుంచి నాకు దాని మీద అనుమానం పోలేదు.

ఆ సాయంత్రం ఏ తుఫానూ లేదు. భూమి అయస్కాంత క్షేత్రపు అలజడిని మూడు గంటలకొకసారి లెక్కకట్టి 0 నుంచి 9 దాకా అంకె ఇచ్చే కేపీ సూచిక ఆ వేళ మూడు కూడా దాటలేదు, అయిదు వస్తే గాని తుఫాను అనరు. మే తరువాత నేను రోజూ పొద్దున కేపీ చూసి పనికి పోవడం అలవాటు చేసుకున్నాను, దానితో నిశ్చింతగా ఉండవచ్చనుకున్నాను. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా మన మీద ఈ బుడగలు తరచుగా వస్తాయని, సూర్యుని పదకొండేళ్ల చక్రం పతాకస్థాయిలో ఉన్నప్పుడు మరీ ఎక్కువని ఆ తరువాతే తెలిసింది. ఆ పతాకస్థాయి ఈ విడత 2024లోనే వచ్చింది. తుఫానుకూ వీటికీ ఉన్న సంబంధం కూడా సూటిగా లేదు. సాయంత్రం వేళ విద్యుత్ క్షేత్రం తూర్పుగా చొచ్చుకొస్తే తుఫాను బుడగలను రెచ్చగొడుతుంది, అదే క్షేత్రం పడమరగా ఉంటే రావలసిన బుడగలను కూడా అణచివేస్తుంది. తుఫాను ఎంత పెద్దదన్న దానికన్నా మన గడియారంలో ఏ గంటకు వచ్చిందన్నదే ముఖ్యం.

2024 అక్టోబరు 10న సద్దుల బతుకమ్మ. పద్మాక్షి గుట్ట దగ్గర ఆటపాటలు ముగించుకొని ఇంటివాళ్లు బతుకమ్మలను సాగనంపి వస్తున్న వేళకు, రాత్రి పావు తక్కువ తొమ్మిది ప్రాంతంలో, మరో పెద్ద తుఫాను భూమిని తాకింది. అది జీ4. ఆ రాత్రి నేను కొలతలకు ఆధారంగా వాడే కొత్త కంట్రోలు పాయింటు కోసం బేస్‌ను మిద్దె మీద పెట్టి సాయంత్రం ఆరు నుంచి తెల్లవారే దాకా ముడి లెక్కలు నమోదు చేయిస్తున్నాను. మరునాడు ఫైలు విప్పి చూస్తే ఎనిమిది దాకా శుభ్రంగా ఉంది, తొమ్మిది దాటాక స్లిప్పులు గుంపులుగా ఉన్నాయి. అక్టోబరు కాబట్టి మామూలు రాత్రి కూడా కొన్ని ఉండేవి, అన్నీ తుఫానుకు అంటగట్టలేను. ఇక్కడ సెట్టుకు మంచి మార్కు వేయాలి. ముడి ఫైలును సెకనుకు ఒకసారి చొప్పున, మూడు పౌనఃపున్యాలతో, ఏ కంపెనీ సాఫ్ట్‌వేరైనా చదవగలిగే రైనెక్స్ రూపంలో ఇస్తుంది, అందుకే పాడైన గంటలను కత్తిరించి మిగిలినది వాడుకోగలిగాను. ఇంతకన్నా చవకగా దొరికే కొన్ని సెట్లలో ముడి ఫైలు కావాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. అలాంటివి కొనవద్దు.

ఇక లోపం. ఈ సెట్టు కంట్రోలరులో అయనావరణం పరిస్థితిని చూపే గుర్తేదీ లేదు. కొన్ని ఖరీదైన సెట్లలో మినుకును కొలిచి హెచ్చరించే సదుపాయం ఉంటుంది. ఇందులో గీతలు ఊగుతున్నా పచ్చరంగు పచ్చగానే ఉంటుంది. ఫిక్స్ ఇవ్వడానికి ఎంత నమ్మకం కావాలో నిర్ణయించే ఒక మీట సెట్టింగుల లోపల మూడో మెట్టులో దాగి ఉంది, కంపెనీ దానిని త్వరగా ఫిక్స్ వచ్చేలా వదులుగా పెట్టి పంపుతుంది. డెమోలో పది సెకన్లకు ఫిక్స్ వచ్చిందని కొనేవాడు మెచ్చుకోవాలి కదా. దానిని బిగించాక ఫిక్స్ రావడానికి ఇరవై, ముప్పై సెకన్లు పడుతోంది, కానీ అప్పటి నుంచి ఒక్క దొంగ ఫిక్స్ కూడా నాకు దొరకలేదు. ఈ సంగతి పుస్తకంలో లేదు, సర్వీసు సెంటరు వారూ చెప్పలేదు. మార్చి సంఘటన ఫైలు పంపితే మూడు వారాలకు వచ్చిన జవాబు "సిగ్నల్ సమస్య, పరికరంలో లోపం లేదు" అన్న ఒక్క వాక్యం. మాట నిజమే. ఆ సిగ్నల్ సమస్యను కొన్నవాడికి చెప్పవలసినది ఎవరన్నదే నా ఫిర్యాదు.

గగన్ గురించి, నావిక్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. గగన్ ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి విమానాల కోసం కట్టినది. మన దేశం మీది అయనావరణాన్ని గళ్లుగా విభజించి ఒక్కో గడికీ ఆలస్యం ఎంతో ఉపగ్రహం ద్వారా పంపుతుంది. నా సెట్టు దానిని అందుకుంటుంది, మీటరు స్థాయి పనికి బాగుంటుంది, హద్దురాళ్ల పనికి చాలదు. నావిక్ మన దేశపు సొంత ఉపగ్రహ స్థాననిర్దేశ వ్యవస్థ. అది మొదటి నుంచీ ఎల్5, ఎస్ అనే రెండు పౌనఃపున్యాల్లో వస్తోంది, కొత్త ఉపగ్రహాలు ఎల్1 కూడా పంపుతున్నాయి. అందులో ఎస్ బ్యాండ్ 2492 మెగాహెర్ట్జ్ కాబట్టి అయనావరణపు తప్పు ఎల్1లో సగం కన్నా తక్కువ. వినడానికి బాగుంటుంది గాని, నా సెట్టు నావిక్‌లో ఎల్5 మాత్రమే అందుకుంటుంది, కరపత్రంలో మాత్రం "నావిక్ ఉంది" అని పెద్దక్షరాల్లో ఉంది.

ఇప్పుడు నేను పనిచేసే తీరు మారింది. బేస్‌ను మిద్దె మీద వదిలి దూరం పోవడం మానేశాను, రేడియోతో పాటు చేను దగ్గరికే తీసుకుపోయి కిలోమీటరు రెండు కిలోమీటర్ల లోపల నిలబెడుతున్నాను. మే 11న కూడా చివరికి పని అయ్యింది అలాగే. మధ్యాహ్నం హనుమకొండకు మనిషిని పంపి బేస్ తెప్పించి గెట్టు మీద పెట్టగానే నిమిషం లోపల పచ్చరంగు వచ్చింది, ఆరువందల మీటర్ల దూరంలో రెండింటికీ ఒకటే ఆకాశం. దీనివల్ల రోజుకు గంట సమయం, ఒక మనిషి కూలి ఎక్కువవుతాయి, పంపకాల భూమి దగ్గర అది పెద్ద ఖర్చు కాదు. ప్రతి రాయినీ కనీసం అరగంట తేడాతో రెండుసార్లు, రోవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టి కొలుస్తున్నాను. మార్చి, ఏప్రిల్, అక్టోబరు నెలల్లో రాత్రి ఏడు దాటాక రోవర్‌ను పెట్టెలో పెట్టి, తప్పదంటే టోటల్ స్టేషన్ తీస్తున్నాను, దానికి అయనావరణంతో పనిలేదు.

ఈ ధరకు ఈ సెట్టు కొనవచ్చనే నా అభిప్రాయం, అయిదుకు మూడున్నర ఇస్తాను. కొనేవారు అడగవలసినవి ముడి ఫైలు ఉచితమా, ఫిక్స్ నమ్మకపు మీట ఎక్కడుంది, రేడియో బేస్‌తో కలిపి ఇస్తారా అన్నవి. డెమో మాత్రం మార్చిలోనో అక్టోబరులోనో, రాత్రి ఎనిమిది గంటలకు, బేస్‌ను పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంచి చూపించమని అడగండి. నేను పోయినసారి అలా అడిగితే దుకాణం వారు ఏడు గంటలకే షట్టర్ దించుతామన్నారు.